పుస్తకంలో ఎక్కని పేరు

కొత్తవాడలో మగ్గాలున్న ఇళ్లన్నీ తిరిగి వంశావళి చెప్పే తాత ఏటా మా ఇంటికీ వచ్చేవాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకునే ఏడు తరాల పేర్లు చెప్పేవాడు.

అమ్మ చనిపోయిన ఏడాది అడిగాను. "తాతా, మా అమ్మ పేరు గూడ రాయి."

"ఆడోళ్ల పేర్లు రాసుడు లేదు కొడకా."

"అయితే నేను మా నాయిన కడుపుల పుట్టిన్నా?"

తాత నవ్వాడు. "నీకు నోరు జర ఎక్కువే. పేరు చెప్పు."

చెప్పాను. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని, నాన్న పేరు పక్కన అమ్మ పేరు పలికాడు. ఆ తర్వాత ఏటా పలికాడు. ఒక్కసారీ రాయలేదు. రాస్తే ఏం పోయేదో నాకిప్పటికీ తెలియదు.

తాత పోయాక ఆయన కొడుకు వస్తున్నాడు. పుస్తకం చూసి తప్పు లేకుండా చదువుతాడు. నాన్న పేరు రాగానే నేను ఊపిరి బిగబడతాను. అతను వెంటనే నా పేరు చదువుతాడు.