పుచ్చు ముందు చూపించే పెద్దమ్మ

కొంటా బజారులో చింతపండు అమ్మే మా పెద్దమ్మ, ఏ బస్తా విప్పినా పుచ్చు పట్టిందే ముందు కొనేవాళ్ల చేతిలో పెట్టేది. ఆరోగ్య బీమా ఏజెంటు దగ్గరా అంతే. అతను అడగకముందే షుగరు, బీపీ, గుండెలో వేసిన స్టెంటు, అన్నిటి చీటీలూ కౌంటరు మీద పరిచేసింది.

"అన్నీ చెప్పకు పెద్దమ్మా, పాలసీ ఇయ్యరు," అని గిల్లాను.

"పుచ్చు దాచి అమ్మితే సరుకు వాపస్ వస్తది బిడ్డా."

రెండు కంపెనీలు కాదన్నాయి. మూడోది ఒప్పుకుంది కానీ, పాత జబ్బులకు డబ్బు రావాలంటే మూడేళ్లు ఆగాలంది. నేను ఉసూరుమన్నాను. పెద్దమ్మ మాత్రం ఆ కాగితం పట్టుకుని బజారంతా బెల్లం పంచింది.

"ఏంది పెద్దమ్మా, ఇంత సంబరం?"

"ఏ డాక్టరూ చెప్పలే బిడ్డా. ఇంకో మూడేండ్లు ఉంటనని కంపెనీవోళ్లే రాసిచ్చిండ్రు."