రాజక్క చెవి మీద చెయ్యి

మా రాజక్క చెవి మూసుకోనిదే నోరు తెరవదు. పాట పాడేటప్పుడంటే సరే అనుకోవచ్చు, కూరగాయల బేరానికి కూడా అంతే! అరచేతితో కుడి చెవి గట్టిగా మూసి "వంకాయలెట్ల?" అంటుంది. మొదటిసారి చూసి తోపుడుబండి బాబు మియా హడలిపోయాడు.

"రాజక్కా, చెవి గుంజుతుందా? జర దవాఖానకు పోరాదు?"

"గుంజుడు లేదు, ఏం లేదు. చెవి మూస్తె మన గొంతు మనకు లోపట మోగుతది. నువ్వు గూడ మూసి చూడు!"

పాపం, మూసి చూశాడు. తన గొంతు అంత బాగుంటుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఆ పూటంతా "టమాటా!" అని రాగాలు తీస్తూ మా బొగ్గుగని కాలనీ మొత్తం తిరిగాడు. అమ్మడం మాత్రం మరిచిపోయాడు.

ఇక ఫోనొస్తే రాజక్కకు ఒక చెవికి ఫోను, రెండో చెవికి చెయ్యి. పొయ్యి మీద పాలు పొంగితే వాళ్లాయన పోశం బావ ఉరికి రావాల్సిందే.

ఇన్ని నవ్వుల మధ్య కాలనీకి ఒకటే దిగులు, లింగవ్వ. మా అందరికీ బతుకమ్మ పాటలు నేర్పింది ఆమే. నిరుడు డీజే హోరులో తన గొంతు తనకే వినబడక, పాట పైపైకి పోయి కీచుమంది. ఆడపిల్లలు పగలబడి నవ్వారు. "ఇగ నేను పాడ" అని లింగవ్వ ఇంట్లో కూర్చుంది.

ఈ ఏడు సద్దుల బతుకమ్మ నాడు రాజక్క ఆమెను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. పక్క వీధిలో డీజే అదరగొడుతోంది. లింగవ్వ పెదవి విప్పదు. రాజక్క మామూలుగానే చెవి మూసుకుంది.

"చెవి మూస్తే చప్పట్లెట్ల కొడ్తవ్ అక్కా?" అని ఆడపిల్లల్లోంచి నవ్యశ్రీ అరిచింది.

"నాదొక చెయ్యి, లింగవ్వదొక చెయ్యి. చాలదా?"

లింగవ్వ అటూ ఇటూ చూసి, మెల్లగా తానూ చెవి మూసుకుంది. ఎవరూ నవ్వలేదు. ఆ దృశ్యం మాకు ఏడాదిగా అలవాటే! పాట ఎత్తింది చూడండి... అబ్బ! గొంతు నిలవాల్సిన చోట నిలిచింది. డీజే ఎంత మొత్తుకున్నా అక్కణ్ణుంచి జరగలేదు. సంతోషం పట్టలేక మేమంతా గొంతు కలిపాం.

పాట ఆగగానే రాజక్కను పక్కకు లాగాను. "గీ ఏషమంత లింగవ్వ కోసమేనా?"

"మరి? చెవి మూసుకొని పాడు అని నిరుడే చెప్పిన. 'చెవుడొచ్చిందని నవ్వుతరు' అన్నది. గా నవ్వేదేందో ముందుగాల్నే నన్ను చూసి నవ్వుకుంటరని..."

"వంకాయల బేరానికి గూడనా?"

"మధ్యమధ్యల ఆపితే అనుమానం రాదా?"

అంతలో వలయంలోంచి లింగవ్వ కేకేసింది.

"ఏ రాజక్క! యాడ పోయినవే? నా చెయ్యి ఖాళీగుంది, జల్ది రా!"