నేను ఒక్కడినే ఉన్నప్పుడు ఆగే కారు

మొదలాళి పక్కన కూర్చుంటే ఆ కారు ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఒక్కడినే నడిపిన రోజునే ఆగేది. నన్ను దొంగ అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

తమిళనాడు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ యజమాని ఆయన. అందరం మొదలాళి అనే పిలిచేవాళ్ళం. నేను ఆయన డ్రైవరుని. నా భార్య అదే కంపెనీలో పెట్టెల్లో పుల్లలు నింపేది. మేముండే గది కంపెనీ వెనక లైనులో ఉండేది, అదీ ఆయన ఇచ్చిందే. ఆయన ఒక్కమాట అంటే చాలు, ఇద్దరి పనీ, ఆ గదీ ఒకే పూట పోతాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మనిషి చెడ్డవాడు కాదు, కానీ అనుమానం పీకల్దాకా ఉండేది. సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్ళ టిఫిన్ డబ్బాల మూతలు తీయించి చూసేవాడు. పక్కగదిలో ఎవరైనా నవ్వితే తన గురించే అనుకునేవాడు. అలాంటి మనిషికి యాభై ఏళ్ళు దాటాక స్పోర్ట్స్ కారు మీద మోజు పుట్టింది. రెండువేల సంవత్సరం వచ్చి రెండు మూడేళ్ళయిందేమో అప్పటికి. ఎర్రటి కారు, రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. స్పీడుబ్రేకరు వస్తే ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కించి, ఊపిరి బిగబట్టి దాటించాలి. దాని పెట్రోలు జోలికి మాత్రం నువ్వు పోవద్దు అన్నాడు. బంకుకి తనే వచ్చి దగ్గరుండి పట్టించేవాడు. సరే, కొత్త బండి మీద ముచ్చట అనుకున్నాను.

కొన్న రెండో వారంలో ఎవరో వ్యాపారిని తీసుకురమ్మని నన్ను మధురై పంపాడు. సాత్తూరు దాటాక ఇంజను రెండుసార్లు గునిసి ఆగిపోయింది. బానెట్ తెరిచి చూశాను. నాకు అర్థమయ్యేది అందులో ఏమీ లేదు. అరగంట ఎండలో నిలబడి మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మరో వారానికి మళ్ళీ అదే పని. ఈసారి వ్యాపారి రైలెక్కి వెళ్ళిపోయాడు. మొదలాళి నా ముఖంలోకి చూసి, "ఆ అరగంటా ఎక్కడున్నావు?" అని అరవంలో అడిగాడు.

కారు వారంటీలో ఉంది. సర్వీసు విరుదునగర్‌లో, బైపాస్ రోడ్డు పక్కన. ఆయన పక్కన కూర్చోగా తీసుకెళ్ళాను. దారిలో పువ్వులా నడిచింది. ఆయన ఏసీ గదిలో మేనేజరు దగ్గర కూర్చున్నాడు, నేను షెడ్డులో కారు దగ్గర ఉన్నాను. దాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా తప్పు కనిపించలేదు. ఒళ్ళు మండి, "నా కొంప ముంచేదానికే వస్తివే నువ్వు" అని తెలుగులో గొణిగాను. కారు కింద నుంచి నవ్వు వినిపించింది.

"మనోళ్ళేనా మీరు? యా ఊరు?"

కింద పడుకుని ఉన్న మెకానిక్కు జారుకుంటూ బయటికి వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నవాడు.

"కోవిల్‌పట్టి. మా అవ్వోళ్ళది కళుగుమలై పక్క."

"మాది వత్రాప్. ఇంటిపేరేందో చెప్పండి."

మా వాళ్ళు ఎక్కడ ఎదురుపడినా ముందు అడిగేది ఇంటిపేరే. ఒకటే అయితే అన్నదమ్ములు, వేరయితే బావలు. రక్తం కలిసిందా లేదా అని ఎవరూ చూడరు. గడప దాటితే అరవమే మాట్లాడే మాకు, బయట ఇంటిభాష వినిపిస్తే ఆ మనిషిని వదలబుద్ధి కాదు. మావి వేరు వేరు ఇంటిపేర్లు. అయిదు నిమిషాల్లో నేను అతనికి బావనయ్యాను, నా భార్య చెల్లెలయింది. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

ఆ రోజు ఇంజనుకి పెట్రోలు అందించే పంపు మార్చాడు. వారంటీలో మార్చిన పాతది కారు కంపెనీకే తిప్పి పంపాలట. మొదలాళికి అక్కడే అనుమానం మొదలయింది. పాతది చేతికివ్వకపోతే కొత్తది వేశారని ఏమిటి నమ్మకం? తిరుగుదారిలో అదే మాట పదిసార్లు అన్నాడు. పదోసారికి నాకూ అనిపించింది, నిజమే కదా అని.

పంపు మారాక కూడా కారు నా చేతిలో మధురై దారిలో ఆగింది. రెండోసారి విరుదునగర్ పోయినప్పుడు మొదలాళి ఏసీ గదికి పోలేదు, నా వెనకే షెడ్డులోకి వచ్చాడు. మెకానిక్కు ఆయన్ని చూడలేదు.

"ఏం బావా, మళ్లా నిలబడిపాయనా? చెల్లి బాగుండాదా?"

నేను కళ్ళతో సైగ చేశాను. ఆ సైగే నా ప్రాణం తీసింది. మాట అర్థం కాకపోయినా మొదలాళికి సైగ అర్థమయింది. ఆ సాయంత్రమే తెలుగు వచ్చిన కంపెనీ వాచ్‌మన్‌ని పిలిచి బావ అంటే ఏమిటని కనుక్కున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"బావా బామ్మర్దులు కలిసి నా కారుతో ఆడుకుంటున్నారా? మంచి సామాను తీసి అమ్ముకుంటున్నారా?"

ఊరికే వరస కలుపుకున్నాం అని చెప్పాను. "చుట్టం కానివాణ్ణి చుట్టమని ఎవడు పిలుస్తాడు?" అన్నాడు. ఈ అలవాటుని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. కారు కంపెనీ పెద్ద ఇంజనీరు వచ్చే వారం విరుదునగర్ వస్తున్నాడు, ఆయన ముందు తేలాలి అన్నాడు. తేడా వస్తే గది ఖాళీ చేయమన్నాడు.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. నా భార్య భయపడుతుందని ఏమీ చెప్పలేదు. అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. నేను కూడా ఆ మెకానిక్కుని అనుమానించాను. ముక్కూ మొహం తెలియనివాడు టీ ఎందుకు ఇప్పించాడు? చెల్లి చెల్లి అని అంత ప్రేమ ఎందుకు? చీకటి పడ్డాక టార్చి తీసుకుని కారు కిందికి దూరి, స్క్రూల మీద కొత్త గీతలున్నాయా అని వెతికాను. ఉన్నాయి. పంపు మార్చాక గీతలుండవా మరి? కానీ ఆ రాత్రి అవి నాకు దొంగ గీతల్లాగే కనిపించాయి.

విరుదునగర్ సర్వీసులో, అద్దాల గదిలో పెద్ద ఇంజనీరు, మొదలాళి కూర్చున్నారు. మెకానిక్కూ నేనూ నిలబడ్డాం. ఇంజనీరు మర్యాదగానే నన్ను అడిగాడు, ఇతను మీకు ఏమవుతాడు అని.

"ఏమీ కాడు సార్. ఎవరో నాకు తెలీదు. ఈయనే ఏదో భాషలో పలకరిస్తాడు. నేను మర్యాదకి ఊకొడతాను."

అరవంలో, తడుముకోకుండా అన్నాను. ఏమీ కాడు అన్నంతవరకు నిజమే. తర్వాతి మాటలు ఎవరూ అడగలేదు, నేనే కలిపాను. మెకానిక్కు నా వైపు తిరిగాడు. అతని కళ్ళలో కోపం ఉంటే బాగుండేది. "అవును సార్, తెలీదు" అన్నాడు. నన్ను కాపాడడానికే అన్నాడు. ఇంజనీరు ఇద్దరినీ పొమ్మన్నాడు. మొదలాళి మాత్రం నా వంక అలాగే చూస్తూ కూర్చున్నాడు.

పది రోజులు తిరగకముందే ఆయన నన్ను మళ్ళీ ఒంటరిగా పంపాడు. పరీక్ష పెట్టాడని తెలుస్తూనే ఉంది. సాత్తూరు దాటాక కారు ఆగింది. ఈసారి దాన్ని కదిలించకుండా ఫోను బూత్ దాకా నడిచి సర్వీసుకి చెప్పాను. బైకు మీద ఆ మెకానిక్కే వచ్చాడు. "ఏం కంప్లైంట్ సార్?" అని అరవంలో అడిగాడు.

అంతవరకు మొదలాళి వెంట రాకుండా, ఆగింది ఆగినట్టుగా కారు అతని చేతికి చిక్కలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, సీటు పక్క మీట లాగి పెట్రోలు తలుపు తెరిచాడు. లోపలి మూత మీద అడ్డంగా కాగితం అంటించి ఉంది. మా కంపెనీ అగ్గిపెట్టె లేబులు. పిండి జిగురు ఎండి రాయిలా ఉంది. కంపెనీలో సరుకు కట్టలకి అలాగే వేస్తారు, మధ్యలో ఎవరైనా విప్పితే చిరుగు కనిపించడానికి. నేను ఒంటరిగా పోయే రోజున పెట్రోలు తీసి అమ్ముకుంటానేమోనని మొదలాళి దాన్ని తన చేత్తో అంటించి, నేను తిరిగొచ్చాక చిరిగిందా అని చూసుకునేవాడన్నమాట. తను కూడా వచ్చే రోజున దాంతో అవసరం ఉండేది కాదు.

అతను గోటితో గీకి లేబులు ఊడదీసి, మూత తిప్పాడు. బుస్సుమని లోపలికి గాలి పోయింది. పెట్రోలు అయ్యేకొద్దీ టాంకులోకి గాలి రావాలి, దానికోసం మూతలో ఉన్న సన్న బెజ్జం లేబులు కింద మూసుకుపోయింది. అరగంట ఆగితే సందుల్లోంచి కాస్త గాలి దూరి మళ్ళీ నడిచేది. తాళం తిప్పాను. వెంటనే స్టార్టయింది.

అతను ఆ లేబులుని చూశాడు, నన్ను చూశాడు. నేను అంటించానని రాస్తే నా పని అయిపోయేది. బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాడు: మూత మీద ఓనరు కంపెనీ లేబులు అంటించి ఉంది, డ్రైవరుకి తెలియదు, బండిలో తప్పు లేదు. లేబులుని ఆ కాగితానికే పిన్ను చేశాడు. దాన్ని చదివి మొదలాళి కారు తాళాలు మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. నా ఉద్యోగమూ గదీ ఆ కాగితంతోనే నిలబడ్డాయి.

కానీ అదంతా సాయంత్రం మాట. అక్కడ రోడ్డు మీద అతను సంచి సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. మా భాషలోనే అన్నాను.

"తప్పు నాదే బావా. ఇల్లు పోతుందని భయపడి అట్ల చెప్తిని."

అతను చేతులు తుడుచుకుని బైకు ఎక్కాడు.

"ఏం భాష సార్ అది? నాకు రాదు" అని అరవంలో చెప్పి, విరుదునగర్ వైపు వెళ్ళిపోయాడు.