పుట్టబోయేవాడి పేరు: డియర్‌బోర్న్‌లో ఒక శనివారం

మా అమ్మాయి మైథిలి యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది. ఈ సెమిస్టర్‌లో అరబ్ దేశాల రాజకీయాల మీద ఒక క్లాసు తీసుకుంది. ఫిబ్రవరిలో ఒక వీకెండ్ ఇంటికి వచ్చినప్పుడు ప్రెజెంటేషన్ కోసం తయారు చేసుకున్న మ్యాపు చూపించింది. ఇరాక్, సిరియా, లెబనాన్, యెమెన్. షియాలు ఎక్కువున్న చోట ఎరుపు, సున్నీలు ఎక్కువున్న చోట ఆకుపచ్చ. ఇరాన్ రాజధాని టెహ్రాన్ నుంచి కొన్ని బాణాలు, సౌదీ రాజధాని రియాద్ నుంచి కొన్ని. పెద్ద దేశాలు నేరుగా తలపడకుండా, పక్క దేశాల్లోని వర్గాలకు డబ్బు, ఆయుధాలు ఇచ్చి నడిపించే యుద్ధాల గురించి ఆ మ్యాపు. నాకు బాగా నచ్చింది. ఫోన్‌లో ఫోటో తీసుకుని, సోమవారం ఆఫీసులో లంచ్ దగ్గర లైలాకి చూపించాను.

లైలా, నేను చాలా ఏళ్ళుగా ఒకే టీములో కార్ల బ్రేకులు టెస్ట్ చేస్తున్నాం. ఆమె పుట్టి పెరిగింది బాగ్దాద్‌లో. మా మధ్య ఎండాకాలపు వేడి గురించీ పిల్లల చదువుల గురించీ ఎన్నో కబుర్లు నడిచాయి కానీ, అక్కడి నుంచి ఎందుకు వచ్చేశారో నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి బాగ్దాద్ దగ్గర ఆగింది. సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. "ఇందులో మా ఇల్లు ఏ రంగులో ఉంది?" అంది. ఆమే నవ్వి, "శనివారం మీ అమ్మాయిని తీసుకుని డియర్‌బోర్న్ రా. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. కానీ పొద్దున్నే వచ్చి ముందు ఊరు చూడండి" అంది. అమెరికాలో ఈ నోవైలో ఇన్నేళ్ళుగా ఉంటూ, బక్లవా మిఠాయి కొనడానికి తప్ప నేను అరబ్బులు ఎక్కువగా ఉండే ఆ ఊళ్ళో కారు దిగింది లేదు.

మైథిలి శుక్రవారం రాత్రికి మళ్ళీ ఇంటికి వచ్చింది. శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరాం. ముందురోజు పడిన మంచుని రోడ్ల మీద నుంచి తోసేశారు కాబట్టి డ్రైవింగ్ ఇబ్బంది లేదు. నోవై నుంచి ఐ-96 తూర్పుకి ఎక్కి, సౌత్‌ఫీల్డ్ ఫ్రీవే మీద దక్షిణానికి తిరిగి, వారెన్ అవెన్యూ దగ్గర దిగితే చాలు. ముప్పావు గంట కూడా పట్టదు. దిగగానే బోర్డులు మారిపోతాయి. డెంటిస్ట్, టైర్ల షాపు, లాయరు, అన్నీ ఇంగ్లీషు పక్కన అరబిక్‌లో ఉంటాయి. పార్కింగ్ షాపుల వెనక ఫ్రీగా దొరుకుతుంది.

లైలా చెప్పిన ఇరాకీ బేకరీలో బ్రేక్‌ఫాస్ట్ చేశాం. సమూన్ అని, పడవ ఆకారంలో ఉండే రొట్టెని రాతి పొయ్యిలోంచి అప్పటికప్పుడు తీసి ఇస్తారు. దాంతో గేమర్ అనే చిక్కటి మీగడ, దాని మీద ఖర్జూరప్పాకం. గేదెపాల మీగడని బెల్లప్పాకంతో తిన్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది కొత్త రుచి కాదు. రొట్టెలు కాల్చే పెద్దాయన మైథిలి ప్లేటు చూసి, "మీగడ అలా అంచున తాకించి తింటారా? ముంచు, ముంచు!" అని కసిరారు. ఇద్దరికీ టీలతో కలిపి పాతిక డాలర్ల లోపే అయింది. గేమర్ మాత్రం పది దాటితే దొరకదట.

అక్కడి నుంచి పది నిమిషాల డ్రైవ్‌లో ఒక యెమెనీ కాఫీ హౌస్‌కి వెళ్ళాం. ఆ పొద్దున రద్దీ లేదు. దాన్ని నడిపే సాలిహ్ గారికి యాభై దాటి ఉంటాయి. మేం ఇండియా నుంచి అనగానే "ఏ ఊరు?" అన్నారు. హైదరాబాద్ అన్నాను. ఆయన కౌంటర్ వదిలి ఇవతలికి వచ్చి, నా మొహంలోకి చూస్తూ, "తిన్నవా? మంచిగున్నవా?" అన్నారు, అచ్చ తెలంగాణ యాసలో. నేను నోరు తెరిచాను. వయసులో ఉండగా సౌదీలోని జెద్దాలో ఒక సూపర్ మార్కెట్‌లో పని చేశారట. రూమ్మేట్లు ఇద్దరూ కోరుట్ల దగ్గరి వాళ్ళు. "రోజూ వాళ్ళు వండితే నేను తిన్నాను. మీ కారం నా కడుపులో ఇంకా ఉంది" అని నవ్వారు.

మాకు కిషర్ ఇచ్చారు. కాఫీ గింజల పొట్టుని అల్లంతో కాచిన పానీయం అది; మన శొంఠి కాఫీకి దూరపు చుట్టం. మైథిలి రెండు గుక్కలు తాగి, ఇక ఆగలేక, "అంకుల్, మీరు సున్నీనా, షియానా?" అని అడిగేసింది. నేను బల్ల కింద తన చెయ్యి నొక్కాను. సాలిహ్ గారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. మా ఎదురుగా కూర్చున్నారు.

"మా ఊరు తాయిజ్. మేం సున్నీలం. ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళలో జైదీలు ఉండేవాళ్ళు, వాళ్ళు షియాల్లో ఒక శాఖ. మేం నమాజులో చేతులు కట్టుకుంటాం, వాళ్ళు కిందికి వదిలేస్తారు. ఒకే మసీదు, ఒకే వరస. చిన్నప్పుడు నా పక్కనాయన చేతులు ఎందుకు వదిలేశాడని నేను ఎప్పుడూ అడగలేదు. బద్ధకం అనుకునేవాణ్ణి."

"మరి యుద్ధం ఎందుకొచ్చింది?" అంది మైథిలి.

"ప్రభుత్వం మీద కోపంతో మొదలైంది. కోపానికి కారణాలు ఉన్నాయి కూడా. తర్వాత హూతీలు, ఉత్తరాది జైదీల సాయుధ దళం, కొండలెక్కి మా ఊరి మీద గుండ్లు పేల్చారు. మా తమ్ముడి మందుల షాపు అలాగే పోయింది. హూతీల మీదికంటూ సౌదీ విమానాలు పైనుంచి బాంబులు వేశాయి. మా పెదనాన్న ఇల్లు అలా పోయింది. నాకు జీతమిచ్చిన దేశం అది. అక్కడ నన్నెవరూ ఏమీ అనలేదు, మంచిగానే చూశారు. టీవీలో ఆ విమానాలు చూస్తూ నేను ఎవర్ని తిట్టాలి?"

మైథిలి ఫోన్ తీసి తన మ్యాపు చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాణాలు తప్పు కాదమ్మా. డబ్బు వచ్చింది, తుపాకులు వచ్చాయి. కానీ ప్రతి బాణానికీ ఇటు చివర తలుపు తీసిన మావాడు ఒకడు ఉన్నాడు. వాణ్ణి కూడా రాయి. లేకపోతే మేం ఉత్త అమాయకులమని అనుకుంటారు."

మైథిలి అప్పటికప్పుడు మ్యాపులో ఆ మాట చేర్చుకుంది. కిషర్‌కి డబ్బులు తీసుకోనంటే తీసుకోనన్నారు. బలవంతంగా ఒక పాకెట్ కాఫీ పొడి కొనుక్కుని బయటపడ్డాం.

ఒంటిగంటకి లైలా ఇంటికి చేరాం. ఆ వీధిలో అన్నీ ఇటుక ఇళ్ళే, ముందు చిన్న వరండాలు, మెట్ల మీద కరగడానికి ఉప్పు చల్లిన మంచు. లైలా భర్త హైదర్ తలుపు తీశారు. స్కూళ్ళలో హీటింగ్ రిపేర్లు చూసే ఇంజనీరు, నెమ్మదైన మనిషి. వాళ్ళ అమ్మాయి నూర్‌కి ఎనిమిదో నెల. భర్త డ్యూటీలో ఉండటంతో వారాంతానికి పుట్టింటికి వచ్చింది. సోఫా మూలలో హైదర్ గారి తల్లి, నల్ల దుస్తుల్లో, చేతిలో జపమాలతో కూర్చుని ఉన్నారు. అందరూ ఆవిడని బీబీ అంటారు, నాయనమ్మ అని అర్థం.

ఆ ఇంటి సంగతి అక్కడే తెలిసింది. బాగ్దాద్‌లో టైగ్రిస్ నదికి ఎదురెదురు ఒడ్డుల్లో రెండు పాత పేటలున్నాయి. ఒకటి ఆజమియా, సున్నీలది. అవతల కాజిమియా, షియాలది. మధ్యలో ఒక వంతెన. లైలా ఇవతల ఒడ్డు, హైదర్ అవతల ఒడ్డు. "కాలేజీకి వెళ్ళేటప్పుడు మా ఇద్దరి మధ్యా బస్సు టికెట్టే అడ్డం" అన్నారు హైదర్. అమెరికా సైన్యం వచ్చి, పాత ప్రభుత్వం కూలి, రెండు వైపులా ముఠాలు లేచాక ఆ వంతెనని కొన్నేళ్ళు మూసేశారట.

మైథిలి నూర్ పక్కన చేరి, "బేబీకి నేమ్ సెలెక్ట్ చేశారా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. కానీ లైలా వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

నూర్ తల పైకెత్తి నాయనమ్మని చూసింది. "చేశాను. ఒమర్" అంది.

బీబీ చేతిలో జపమాల ఆగింది. అరబిక్‌లో ఏదో అన్నారు, గట్టిగా కాదు. హైదర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నాకేమీ అర్థం కాక, సాయం చేసే వంకతో లైలా వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

బెండకాయలు టమాటా పులుసులో ఉడుకుతున్నాయి. వాళ్ళు అందులో మాంసం వేస్తారు. మైథిలి తినదని నాలుగు బెండకాయలు విడిగా వండింది. గరిటె తిప్పుతూనే చెప్పింది లైలా.

"ఒమర్ నా తమ్ముడు. ప్రవక్త తర్వాత నాయకత్వం ఎవరిది అన్నదాని మీద కదా మా పాత తగాదా. ఒమర్ అన్నది మాకు గౌరవమైన ఖలీఫా పేరు. షియాల లెక్కలో ఆయన ఆ పదవికి రాకూడనివాడు, వాళ్ళు ఆ పేరు పెట్టుకోరు. మంచి రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. షియా ముఠాలు రోడ్ల మీద తుపాకులతో నిలబడి గుర్తింపు కార్డులు చూడటం మొదలుపెట్టాక, ఆ పేరుంటే చాలు, బండి దింపి తీసుకుపోయేవాళ్ళు. మా నాన్న వాడికి అమ్మార్ అని దొంగ కార్డు చేయించాడు. అది సున్నీలకీ షియాలకీ ఇష్టమైన పేరు. వాడు ఒకరోజు కాలేజీకని వెళ్ళి తిరిగి రాలేదు."

గరిటె ఆగింది. "మావాళ్ళెవరూ మార్చురీకి వెళ్ళి వెతకలేని రోజులవి. అక్కడా ఆ ముఠాలే ఉండేవి, సున్నీలు వెళ్తే తిరిగొస్తారన్న నమ్మకం లేదు. హైదర్ వెళ్ళాడు. రోజూ వెళ్ళేవాడు. దొరికేదాకా."

"మరి బీబీ..."

"ఆవిడ పెద్దకొడుకు అంతకు ముందే కాజిమియా బజారులో బాంబు పేలి పోయాడు. పెట్టింది మా వైపువాళ్ళు. మా వాళ్ళు అనకూడదు, మా పేరు చెప్పుకునేవాళ్ళు. ఇంతకీ ఆవిడ ఇప్పుడు ఏమందో తెలుసా? 'ఒక కొడుకు పోయాక, మిగిలిన కొడుకు ఆ పేరున్నవాడి శవం కోసం బయల్దేరుతుంటే తలుపుకి తాళం వేశాను. కిటికీలోంచి దిగి వెళ్ళాడు. రోజూ సాయంత్రం దాకా నేను వీధిలో నిలబడ్డాను. ఆ పేరు వింటే నాకు ఆ వీధి కనిపిస్తుంది' అంది." కళ్ళు తుడుచుకుని, "ఆవిడ చెప్పిందీ నిజమే కదా?" అంది లైలా. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

భోజనం నేల మీద పెద్ద గుడ్డ పరిచి వడ్డించారు. అన్నం, బెండకాయ పులుసు, నిప్పుల మీద కాల్చిన చెరువు చేప. పులుసు కలుపుకున్న మొదటి ముద్దకే మైథిలి నా వైపు తిరిగి, "అమ్మా, ఇది మన పులుసే!" అంది తెలుగులో. హైదర్ అర్థమేంటని అడిగి తెలుసుకుని నవ్వారు. ఆ నవ్వుతో గదిలో గాలి కొంచెం ఆడింది. కానీ నూర్ తినడం లేదు. ప్లేట్లో అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ కదుపుతోంది.

కొంతసేపటికి బీబీ చేప మధ్యభాగంలోంచి ముల్లు లేని ముక్క ఒకటి విడదీశారు. వంగి, నూర్ ప్లేట్లో పెట్టారు. మనవరాలి కడుపు మీద చెయ్యి వేసి, చిన్నగా ఒక మాట అన్నారు. నూర్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. హైదర్ తల వంచుకున్నారు.

"ఏమన్నారు?" అని మైథిలి గుసగుసగా అడిగింది.

లైలానే చెప్పింది. "'అమ్మూరి ఆకలిగా ఉన్నాడు, తిను' అంది. ఒమర్‌నీ ముద్దుగా అమ్మూరి అంటాం, అమ్మార్‌నీ అమ్మూరి అనే అంటాం. మా తమ్ముణ్ణి ఇంట్లో అలాగే పిలిచేవాళ్ళం."

బీబీ ఆ పేరుకి ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు, అవసరం కూడా లేకపోయింది. నూర్ ఆ చేపముక్క తింది. నా తెలుగు చెవికి మాత్రం 'అమ్మూరి' అంటే 'అమ్మ ఊరు' అన్నట్టే వినిపించింది. ఆ మాట చెప్పి, అర్థం వివరించాను. లైలా బీబీకి అరబిక్‌లో చెప్పింది. ఆవిడ నన్ను మొదటిసారి తేరిపార చూసి, నా ప్లేట్లో కూడా ఒక చేపముక్క వేశారు.

చీకటి పడుతుండగా ఇంటికి బయల్దేరాం. దారిపొడుగునా నేను ఆలోచించింది ఇరాన్, సౌదీల గురించి కాదు. నోవైలో ఏ పార్టీకైనా కొత్త తెలుగువాళ్ళు వస్తే, పేరు చెప్పగానే "ఇంటిపేరేంటండీ?" అని అడుగుతాం. ఆ జవాబు దగ్గర మన మొహాల్లో ఒక చిన్న లెక్క తేలుతుంది. ఇక్కడ ఆ లెక్క వల్ల ఎవరి ప్రాణమూ పోవడం లేదు, అంతవరకూ అదృష్టవంతులం. కానీ అదే ప్రశ్నని తుపాకీ పట్టుకున్నవాడు అడిగే రోజు ఒక ఊరికి ఎలా వస్తుంది? ఆ తుపాకీ ఏ దేశం నుంచి వచ్చిందో పుస్తకాల్లో దొరుకుతుంది. పక్కింటివాడి చేతికి అది ఎందుకు నచ్చిందో దొరకదు. కిటికీలోంచి దిగి మార్చురీకి వెళ్ళినవాడు ఎందుకు వెళ్ళాడో కూడా దొరకదు. నాకు ఆ రెండూ ఇంకా అర్థం కాలేదు. ఈసారి మాత్రం అడగాలన్న కుతూహలంతో పాటు, ఎంతసేపు ఆగి వినాలో కూడా కొంచెం తెలిసింది.

మీరు వెళ్ళదలుచుకుంటే ఒకటే సలహా: అక్కడ ఎవరైనా భోజనానికి ఇంటికి పిలిస్తే, ఆ రోజు సాయంత్రానికి ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి.