టోవా పాయో ఇంట్లో కొత్త వీడియో గేమ్

పోయిన వారం మా అబ్బాయి కొత్త వీడియో గేమ్ కొని తెచ్చి, సింగపూర్ పుంగ్గోల్‌లోని మా ఇంట్లో టీవీకి తగిలించి, ఆడమని నన్నూ పిలిచాడు. ఇరవై దాటిన కొడుకు పిలిచి మరీ ఆడమంటే ఏ తండ్రికైనా సంతోషంగా ఉండాలి. నేను మాత్రం రెండు నిమిషాలు ఆడి, తలనొప్పిగా ఉందని లేచిపోయాను. "ఆల్వేస్ లైక్ దిస్ లా, నాన్నా" అని వాడు ఇక్కడి యాసలో విసుక్కున్నాడు. తలనొప్పేమీ లేదు. ఉన్న సంగతి వాడికి చెప్పలేను.

మన ఈడు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడూ విజిట్ పాస్ మీద సింగపూర్ వచ్చి, తెలిసినవాళ్ళ హాల్లో చాప పరుచుకుని, కన్సల్టెన్సీల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగేవాడు. గడువులోగా ఉద్యోగం దొరికిందా సరే, లేదా తిరుగు విమానమే. అప్పుడు నేనూ, ఇద్దరు స్నేహితులూ టోవా పాయోలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మా ఆవిడ ఇంకా గుంటూరులోనే ఉంది. ఆవిడ తమ్ముడు, నా బావమరిది, అలాగే వచ్చి మా హాల్లో మకాం పెట్టాడు. పనిలో మా ముగ్గురినీ తలదన్నేవాడు. ఇంగ్లీషులో మాట్లాడాలంటే మాత్రం నోరు తడారిపోయేది. గడువు పది రోజులుందనగా ఒక ఇంటర్వ్యూ బాగా జరిగి, సోమవారం ఫోన్ చేస్తామన్నారు. వాడికి సెల్‌ఫోన్ లేదు కాబట్టి మా ఇంటి నంబరే ఇచ్చాడు.

ఆ ముందురోజు, ఆదివారం సాయంత్రం, మేం ముగ్గురం కలిసి వీడియో గేమ్ కొన్నాం. పెళ్ళిళ్ళయినా పిల్లచేష్టలు పోలేదు మాకు. కొట్లో ఒక్కొక్క డిస్కూ వేయించి చూసుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని ట్రైన్‌లో ఇంటికి తెచ్చుకున్నాం. టీవీ వెనక గోడకి ఉన్నవి రెండే ప్లగ్గులు, ఒకటి టీవీది. రెండోదాంట్లో ఉన్న వైరు పీకి గేమ్ పెట్టింది నేనే. అది దేని వైరో చూసే ఓపిక కూడా లేదు. ఇక కార్ల పందెమేమిటి, ఫుట్‌బాలేమిటి, ఆ బొమ్మలు నిజం మనుషుల్లా చెమట తుడుచుకుంటుంటే నోళ్ళు వెళ్ళబెట్టి చూశాం. బావమరిది మాత్రం మర్నాటి ఫోన్ కోసం లైను ఖాళీగా ఉండాలని, ఆ రాత్రి నుంచే మమ్మల్నెవరినీ ఫోన్ ముట్టుకోనివ్వలేదు.

సోమవారం నేను సెలవు పెట్టి మరీ ఆడాను. వాడు కార్డ్‌లెస్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. నేను కారుతో గోడల్ని గుద్దుతుంటే నవ్వుతూనే, మధ్యమధ్య "బావా, సౌండు కాస్త తగ్గించండి, ఫోనొస్తే వినపడదు" అనేవాడు. పెళ్ళిచూపులకి కూర్చున్నట్టున్నావురా అని ఏడిపించాను. ఫోన్ రాలేదు.

మంగళవారం ఏమైందో కనుక్కుందామని ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. వాడు ఆ ఫోన్ వదిలి కదలడని నాకు తెలుసు. అప్పుడు వెలిగింది నాకు, ఆదివారం నేను పీకింది దేని వైరో. చేతిలో ఫోన్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది గానీ, గోడ దగ్గరున్న దాని స్టాండుకి కరెంటే లేదు, అది లేందే ఫోన్ మోగదు. ముగ్గురం ఇంజనీర్లం! కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, నిన్న మూడుసార్లు చేశామనీ, ఎవరూ ఎత్తకపోతే పొద్దున్నే ఇంకొకరిని చేర్చుకున్నారనీ చెప్పింది. బతిమాలాను. లాభం లేకపోయింది.

టాక్సీలో ఇంటికొచ్చాను. వాడు అలాగే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. కింద హాకర్ సెంటర్ తిండి కొట్ల నుంచి కాఫీ తెమ్మని పంపి, వాడు వచ్చేలోగా ప్లగ్గు మార్చేశాను. వచ్చాక, నేనే ఆఫీసు నుంచి కనుక్కున్నాననీ, వేరేవాళ్ళని తీసుకున్నారనీ చెప్పాను. వాడు కాఫీ పోసిచ్చిన ప్లాస్టిక్ సంచీ నా చేతికిచ్చి, "నా ఇంగ్లీషేనా బావా?" అని అడిగాడు.

అవునన్నట్టు తల ఊపాను.

గడువు ముగిసే ముందురోజు విమానం ఎక్కించి వచ్చాను. మళ్ళీ ఏ ఇంటర్వ్యూకీ వెళ్ళలేదు వాడు. మేనమామ ఎరువుల కొట్లో లెక్కలు రాయడానికి కుదురుకున్నాడు, అక్కడే జుట్టు నెరిసింది. అక్కకీ తెలియదు, వాడికీ తెలియదు. చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు గడిచాక చెబితే నా బరువు దిగుతుందేమో గానీ, పోయిన కాలం వాడికి తిరిగొస్తుందా?

ఇప్పుడు గుంటూరేమిటి, సింగపూరేమిటి, వేలితో తాకితే చాలు మనిషి ఎదుటికొస్తాడు, పిలుపు అందకపోవడమన్న మాటే లేదు. ప్రతి ఆదివారం వాడితో మాట్లాడతాం. మా పిల్లలు ఆప్యాయంగానే "హౌ ఆర్ యూ, మామా" అంటారు. వాడు చిన్నగా నవ్వి, ఫోన్ భార్య చేతికిచ్చి పక్కకి తప్పుకుంటాడు.