కనబడని అతుకు

ఆఫీసులో అతన్ని అందరూ అతుకుల మాస్టారు అంటారు. ఫోన్లలో చూసే పొట్టి వీడియోల చివరను మొదలుకు అతకడం అతని పని. వీడియో ఎక్కడ అయిపోయిందో, మళ్ళీ ఎక్కడ మొదలైందో తీసినవాడే పోల్చుకోలేడు. చూసేవాళ్ళు ఫోను వదలరు. ఆ పనితనానికి అతను లోలోపల మీసం మెలేసుకునేవాడు.

ఒక ఆదివారం వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పరుగున వెళ్ళి చూస్తే పాలు ఇగిరిపోయి గిన్నె నల్లబడుతోంది. పక్కనే స్టూలు మీద అత్తగారు ఫోను చూస్తోంది. అందులో ఓ కుమ్మరి కుండకు మెడ తీస్తున్నాడు. పూర్తయ్యేలోపే అది కూలి మట్టిముద్దవుతోంది, కుమ్మరి మళ్ళీ మొదలెడుతున్నాడు. అది మాస్టారు అతికిన వీడియోనే. పూర్తయిన కుండ కనబడే చివరి ముక్కను కోసి పారేసింది తనే.

“అత్తయ్యా, పాలు!”

ఆవిడ ఉలిక్కిపడి పొయ్యి కట్టేసింది. “అయ్యయ్యో, నా మతిమరుపు మండ! ఆ కుండ కాస్తా అయిపోతే లేద్దామనుకున్నా బాబూ. పాపం, ఎన్నిసార్లు కూలినా విసుక్కోకుండా మళ్ళీ మొదలెడుతున్నాడు. మధ్యలో లేచిపోవడానికి మనసు రాలేదు.”

జనం పనీపాటా లేకే చూస్తారనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆవిడ జాలినే పలుపుతాడు చేసి ఆవిణ్ణి కట్టేశాడు.

గిన్నె తోమడానికి కూర్చున్నాడు.

“ఇలా ఇవ్వండి, తప్పు నాది,” అందావిడ నొచ్చుకుంటూ. “ఇంతకీ మీరు చూసే ఉంటారు, ఆ కుండ చివరికి వచ్చిందా బాబూ?”

“బాగానే వచ్చింది అత్తయ్యా,” అన్నాడు, గిన్నెలోంచి తల ఎత్తకుండా.