దూరం ఆనటం లేదు

మా అనకాపల్లిలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "ఈణ్ణి వాల్తేరు పంపాల" అనేవారు. వైజాగులో పిచ్చాసుపత్రి ఉండేది అక్కడే. నేనూ అన్నవాణ్ణే. డిగ్రీ రెండో ఏట నాకే చచ్చిపోవాలనిపించినప్పుడు, డాక్టరు దగ్గరికి వెళ్దామనుకోగానే ఆ మాటే అడ్డం వచ్చింది. అంతకు ఏడాది ముందు నా పక్క బెంచీవాడు ప్రాణం తీసుకున్నాడు. వాణ్ణి నేనేమీ అడగలేదు.

నిద్ర పట్టటం లేదని మా అక్క మొగుడికి చెప్పాను. బావ బెల్లం మార్కెట్లో గుమస్తా. నా మొహం చూసి, వాల్తేరు తీసుకెళ్ళటానికి మర్నాడే సెలవు పెట్టాడు. గుమ్మం దిగగానే పక్కింటి పిన్ని.

"ఎక్కడికర్రా?"

"ఈడికి కళ్ళు సూపిద్దామని పిన్నీ. దూరం ఆనటం లేదంట."

"మరి అన్నం కాడ కూడా పుస్తకమేనాయె!"

బస్టాండుకి వెళ్ళేలోగా ఇంకో ముగ్గురికి అదే చెప్పాడు. వాల్తేరులో డాక్టరమ్మ "ఏమిటి ఇబ్బంది?" అనగానే అలవాటు కొద్దీ "దూరం ఆనటం లేదండి" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. నావైపు తిరిగి, జ్వరముందా అన్నంత మామూలుగా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నారు.

"అవునండి."

బావ నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. అనకాపల్లిలో దిగేదాకా వదల్లేదు, కళ్ళజోళ్ళ షాపులో తప్ప. "జోడు లేకుండా ఎల్తే పిన్ని ఊరుకుంటాదేటి?" అని పవర్ లేని అద్దాలు కొన్నాడు.

పిన్ని వాటిని పెట్టుకుని చూసింది. "నాకూ బాగా ఆనతంది. ఇదే నంబరు తెచ్చి పెట్టు బావూ."

నెలనెలా వెళ్ళొచ్చాం. మాత్రలు ఆ కళ్ళజోడు పెట్టెలోనే దాచుకునేవాణ్ణి. మెల్లగా నిద్ర వచ్చింది.

రెండేళ్ళ తర్వాత, ఇంటర్ చదివే పిన్ని కూతురు మా అరుగు మీద కూర్చుంది.

"అన్నయ్యా, నీ కళ్ళ డాక్టరు మంచోరేనా? నాకూ దూరం ఆనటం లేదు."

"వీధి చివర సినిమా పోస్టరు ఇక్కణ్ణుంచి చదువుతావు కదే!"

ఆ పిల్ల నవ్వలేదు. నేనూ నవ్వటం మానేశాను. డాక్టరమ్మ అడిగినదే, అంతే మామూలుగా అడగబోయాను. అంత మామూలుగా రాలేదు. అయినా అడిగాను.

తలూపింది.

జోడు తీసి చేతికిచ్చాను. "చూడు. ఉత్తి గాజు."

పిన్నికి బావ చెప్పాడు, ఈసారి ఉన్నదున్నట్టు. ఆవిడ ఏడ్చింది, తర్వాత కొత్త చీర కట్టుకుని మాతో బయల్దేరింది. వైజాగులో సిటీ బస్సెక్కాక కండక్టరు ఎక్కడికని అడిగితే బావ నసిగాడు.

"నోట్లో బెల్లముందేటి?" అంది పిన్ని. కూతురి చెయ్యి పట్టుకుని, బస్సంతా వినేలా కండక్టరుతో చెప్పింది: "వాల్తేరుకి నాలుగు."